నేలను గుద్దిన ఆటగాడు

ఫుట్‌బాల్‌లో గోలు కొట్టినవాడి పేరు మర్నాటి పత్రికల్లో పడుతుంది. గోలు పడకుండా కాపాడిన వెనుక వరుసవాడిని ఎవరూ తలుచుకోరు. ఎప్పుడో ఒకనాడు అతని కళ్లెదుట గోలు పడిపోయిందా, ఇక అందరికీ అతనే గుర్తు! ఘనా దేశపు శామ్యూల్ కుఫోర్ కథ ఇంచుమించు ఇదే.

కుఫోర్ 1976లో కుమాసీ నగరంలో పుట్టాడు. పదహారేళ్లు నిండకుండానే 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఘనా జట్టుతోపాటు కాంస్య పతకం అందుకున్నాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంత చిన్నవాడు పతకం గెలవడం అంతకు ముందు లేదు. మరుసటేడు జర్మనీలోని బేయర్న్ మ్యూనిక్ క్లబ్బు అతన్ని చేర్చుకున్నది. ఊరుకాని ఊరు, భాషకాని భాష. అయినా మధ్యలో ఒక్క ఏడు న్యూరెంబర్గ్ జట్టుకు ఆడివచ్చాడే గాని, 2005 వరకు ఆ క్లబ్బును వదలలేదు.

1999 మే 26. మళ్లీ అదే బార్సిలోనా. యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఆఖరి పోటీ. ఆరవ నిమిషంలోనే మాంచెస్టర్ యునైటెడ్ మీద బేయర్న్ గోలు కొట్టింది. తొంభై నిమిషాలూ గడిచిపోయాయి. ఇక గెలుపు మనదేనని జర్మన్లు సంబరానికి సిద్ధమవుతున్నారు. వృథా అయిన కాలానికి బదులు రిఫరీ మరి మూడు నిమిషాలు కలిపాడు. ఆ మూడు నిమిషాలే కొంప ముంచాయి! ఒక కార్నర్ కిక్కు, గోలు. మరో కార్నర్ కిక్కు, మరో గోలు. కుఫోర్ నేలమీద పడి, రెండు పిడికిళ్లతో పచ్చికను గుద్దుతూ ఏడ్చాడు. కూలబడిన ఆటగాళ్లను లేచి ఆడమని రిఫరీ కొలీనాయే బతిమాలవలసి వచ్చింది. లోకానికి గుర్తున్న కుఫోర్ బొమ్మ నేటికీ అదే.

నిజానికి ఆ బాకీ అతను వడ్డీతో సహా తీర్చుకున్నాడు. 2001లో మిలాన్‌లో వాలెన్సియాను పెనాల్టీలలో ఓడించి బేయర్న్ ఆ కప్పు గెలిచినప్పుడు వెనుక వరుసలో అతనున్నాడు. అదే ఏడు నవంబరులో టోక్యోలో యూరప్, దక్షిణ అమెరికా విజేతల పోటీ. అర్జెంటీనాకు చెందిన బోకా జూనియర్స్ ప్రత్యర్థి. తొంభై నిమిషాల్లో ఎవరికీ గోలు లేదు. అదనపు సమయంలో పోటీ మొత్తానికి పడిన ఏకైక గోలు కొట్టిందెవరు? ముందు వరుస వీరులెవరూ కారు, మన కుఫోరే! బి.బి.సి. వారి ఆఫ్రికా ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా ఆ ఏడు అతనికే దక్కింది.

2006లో ఘనా మొట్టమొదటిసారి ప్రపంచ కప్పు ఆడింది. అదీ అతని రెండో ఇల్లయిన జర్మనీలోనే. హానోవర్‌లో ఇటలీతో తొలి ఆట. ఘనా ఒక గోలు వెనకబడి ఉన్నది. ఇంక ఏడెనిమిది నిమిషాలుందనగా కుఫోర్ తమ గోల్‌కీపర్‌కు బంతిని వెనక్కి తన్నాడు. తన్నులో బలం చాలలేదు. ఇటలీ ఆటగాడు యాక్వింటా మధ్యలో అందుకుని రెండో గోలు చేశాడు.

ఆపైన ఘనా చెక్ జట్టునూ, అమెరికానూ ఓడించి రెండో దశకు చేరింది. ఆ ఆటలలో కుఫోర్‌కు చోటు లేదు.