ఎండలో ఆడిన ఆడపిల్ల

ఎండలో ఆడితే పిల్ల నల్లబడుతుంది, రేపు ఎవరు చేసుకుంటారు? ఆడపిల్లలున్న మన ఇళ్ళలో ఈ మాట వినని వారు అరుదు. హైదరాబాదులో ఆరేళ్ళ వయసులో టెన్నిస్ రాకెట్ పట్టిన సానియా మీర్జా కూడా ఈ మాట విన్నారు. ఆమె తల్లిదండ్రులు నసీమా, ఇమ్రాన్ మీర్జా మాత్రం దాన్ని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు.

1986 నవంబరు 15న ముంబయిలో పుట్టిన సానియా పెరిగింది హైదరాబాదులోనే. ఆ రోజుల్లో ఆమె ఆడినవి పేడతో అలికిన కోర్టులు. మరీ చిన్నపిల్ల అంటూ శిక్షకుడు మొదట చేర్చుకోనన్నారు. తరువాత కన్నతండ్రే ఆమెకు గురువయ్యారు.

ఆమెకు ముందు మన దేశంలో టెన్నిస్ ఆడిన స్త్రీలు లేకపోలేదు. 1934లో లీలా రో వింబుల్డన్‌లో ఒక మ్యాచ్ నెగ్గారు. 1998లో నిరుపమా వైద్యనాథన్ ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో తొలి రౌండు దాటారు. ఆ కాలిబాటను రహదారి చేసింది సానియా. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచారు. 2005 ఫిబ్రవరిలో సొంత ఊళ్ళోనే హైదరాబాద్ ఓపెన్ నెగ్గి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండుకు చేరారు.

పేరుతో పాటే పేచీలూ వచ్చాయి. ఆమె ఆట దుస్తులపై ఆ ఏడాది కొందరు మతపెద్దలు అభ్యంతరం తెలిపారు. కోల్‌కతా టోర్నమెంటులో ఆమెకు భద్రత పెంచవలసి వచ్చింది. వాదోపవాదాల మాట ఎలా ఉన్నా, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి అంత ఒత్తిడిలోనూ రాకెట్ కింద పెట్టలేదన్నది మనం గమనించవలసిన సంగతి.

అసలు పరీక్ష ఆ తరువాత ఎదురైంది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరిన సానియాను మరుసటి ఏడాది మణికట్టు గాయం దెబ్బతీసింది. బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి రౌండు ఆట మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది. చివరికి 2013లో సింగిల్స్‌ను వదిలేశారు. ఇంకొకరైతే అక్కడితో సరిపెట్టుకునేవారేమో! ఆమె డబుల్స్‌పైనే దృష్టి నిలిపి, 2015 ఏప్రిల్ 13న ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉన్నారు. మార్టినా హింగిస్‌తో కలిసి వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడు, వెరసి ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు ఆమెవి.

2018లో తల్లి అయ్యారు. 2020 జనవరిలో తిరిగి కోర్టులో దిగి హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచారు. 2023లో ఆటకు వీడ్కోలు పలికారు. ఆ మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో సొంత ఊరి జనం ముందు చివరిసారి ఆడారు.

మన ఇంటి పిల్లలందరూ సానియాలు కానక్కరలేదు. కాని రాకెట్టో, పుస్తకమో, కుట్టుమిషనో పట్టుకుని ఓ ఆడపిల్ల మన ముందు నిలబడినప్పుడు, నలుగురి మాట కంటే ముందు ఆ పిల్ల మాట విందాం. అలా విన్న తల్లిదండ్రులు ఉండబట్టే మన దేశానికి ఒక సానియా దక్కింది.