ఊరి గ్రంథాలయమునకు ఏ పుస్తకములు?

గ్రామ గ్రంథాలయమునకు పుస్తకములు కోరవలసి వచ్చినపుడు పంచాయతీ సభ్యులలో ఒక తర్కము తరచుగా బయలుదేరును. సేద్యము, పశువైద్యము, చట్టములు పనికివచ్చు పుస్తకములనియు, కథలు, నాటకములు కాలక్షేపమునకే యనియు ఒకరందురు. భారత భాగవతములు దక్క తక్కినవి సాహిత్యమే కాదని మరియొకరందురు. ఈ రెండు మాటలను కొంచెము పరిశీలింపవలసియున్నది.

సేద్యపు పుస్తకము సమాచారము నిచ్చును. క్రొత్త విత్తనము వచ్చిననాడు అందు కొంత పాతబడును. అది దోషము కాదు, దాని పని యంతటిది. సాహిత్యమన్ననో, చెప్పిన విషయముతోబాటు చెప్పిన తీరును మనస్సున నిలుచునట్టిది. మాట మార్చి చెప్పినచో సగము పోవును.

వేమన పద్యములనే తీసికొందము. నాగలి పట్టినవాడు, గొఱ్ఱెలు కాచువాడు, అక్షరము రాని ముదుసలి, అందఱి నోటను అవి యాడుచుండెను. అయినను పెక్కుమంది పండితులు చాలకాలము వాటిని కవిత్వముగా నెన్నలేదు. తేలిక మాటలు, చిన్న ఆటవెలదులు, పైగా కులాచారములపై ఎత్తిపొడుపు! చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అను ఆంగ్లేయోద్యోగి వ్రాతప్రతులను సేకరించి, కొన్ని వందల పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో అచ్చువేయించెను. దాదాపు నూఱేండ్లకు, 1928లో, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనపై ప్రసిద్ధములైన ఉపన్యాసములిచ్చిరి. పండితులు మెచ్చుటకు ఎంతో ముందే ఆ పద్యములను జనులు కాపాడిరన్నమాట. తాటాకును చెదలు తినవచ్చును గాని నోటనున్న పద్యమును ఏ చెదలు తినును?

మఱి జనులేల చదువుదురు? గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. డబ్బు పుచ్చుకొని పసిపిల్లలను ముసలి వరులకు కట్టబెట్టు దురాచారము అందలి విషయము. అది తప్పని చెప్పుటకు కరపత్రము చాలును. కాని కరపత్రము చదివిన తండ్రి, అది ఇతరులను గూర్చిన మాట యనుకొనును. నాటకము చూచిన తండ్రి అగ్నిహోత్రావధానులలో తన్ను చూచుకొని, నవ్వుచునే సిగ్గుపడును. ఆ శుల్కము మాట మఱుగుపడినది. గిరీశము మాత్రము పాతబడలేదు. అట్టివారు ఊరూర నున్నారు గదా!

ఇట్టి పుస్తకములను పల్లెలకు చేర్చుటకు పెద్దలు పడిన శ్రమ తక్కువది కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకములను పడవ కెక్కించి, పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువ వెంబడి పంపిరి. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి నేడు ఇంటిపన్నుతోబాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. పంచాయతీ దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను. అది ఊరివారు పుస్తకములకై ఇచ్చిన సొమ్ము. వేఱొక పద్దులో నిలిచిపోరాదు. సక్రమముగా చెల్లించిన పంచాయతీ తనకు కావలసిన పుస్తకములను గట్టిగా అడుగవచ్చును.

అడుగుటకు ముందు జాబితాను కచేరీలో కూర్చుండి వ్రాయక, బుఱ్ఱకథ చెప్పువారిని, బడిపిల్లలను, మధ్యాహ్నము తీరిక దొరకు స్త్రీలను విచారింపుడు. అలమరలోని పుస్తకములను కూడ ఒకమాఱు తీసి చూడుడు. అట్ట నలిగి, పుటలూడిన పుస్తకమున్నచో గ్రంథపాలకుని కోపపడక, దానికి మఱియొక ప్రతిని తెప్పింపుడు.