సమ్మేళనము ముగిసిన పిమ్మట

మిర్యాలగూడకు చేరువనున్న వేములపల్లి ప్రాంతమునకు నాగార్జునసాగరు ఎడమకాలువ జీవనాధారము. 1967 ఆగస్టులో సాగరు కాలువలకు మొదటిసారి నీరు వదలిరి. పెద్దకాలువ నిండుగా పారినంతమాత్రమున గాదెలు నిండవని అక్కడి రైతుబిడ్డ లందఱకును తెలియును. తూము తెరవవలెను, పిల్లకాలువలో పూడిక తీయవలెను, రాత్రివేళ మడవకడ కావలి యుండవలెను. కతోలిక విద్యార్థుల యువజన సమ్మేళనములను గూర్చి యోచించునపుడు ఈ సంగతి గుర్తుంచుకొనుట మేలు.

పల్లెటూరి పాఠశాలలో ఒక్కొక్క తరగతికి కతోలిక బాలురు ఇద్దఱో ముగ్గురో యుందురు. వారి విశ్వాసము చాలవఱకు తల్లి యొడిలో నేర్చినది: సాయంకాలపు జపమాల, ఆదివారపు పూజ, క్రిస్మసునాటి పాటలు. కళాశాలకు, వసతిగృహమునకు చేరగానే ఆ యలవాటులు సడలును. దేవుడున్నాడా, ఉన్నచో పేదవాని కింత కష్టమేల అను ప్రశ్నలు పుట్టును. అట్టి ప్రశ్నలు తనకొక్కనికే కలిగినవని తలచి విద్యార్థి నోరు విప్పడు. విచారణలో గాని మేత్రాసనములో గాని జరుగు సమ్మేళనమునకు వచ్చినపుడు తనవంటివారు వందలమంది కలరని అతడు మొదటిసారి కనుగొనును. ఇది చిన్న లాభము కాదు.

ఇట్టి యువజనోద్యమములకు బాట వేసినవారిలో బెల్జియము దేశీయుడైన జోసఫ్ కార్డైన్ ముఖ్యుడు. ఆయన 1882లో ఒక సామాన్య కుటుంబమున జన్మించెను. గురువిద్య నభ్యసించుచు ఇల్లు చేరినపుడు, కర్మాగారములలో చేరిన తన బాల్యమిత్రులు దేవాలయమునకు దూరమగుట చూచి మిక్కిలి కలత చెందెను. 1925లో ఆయన యువ క్రైస్తవ కార్మికుల సంఘమును స్థాపించెను. విద్యార్థుల సంఘములును ఆ పద్ధతినే గైకొనెను. ఆ పద్ధతి మూడు మెట్లు గలది: చూడుము, విచారింపుము, ఆచరింపుము. చుట్టునున్న జీవితమును చూడవలెను. సువార్త వెలుగులో దాని మంచిచెడ్డలు విచారింపవలెను. పిదప చేతనైన పని యొకటి చేయవలెను. 23వ జాన్ పోపు 1961లో వెలువరించిన విశ్వలేఖలో ఈ మూడు మెట్లను మెచ్చుకొనిరి.

తరువాత 2వ జాన్ పాల్ పోపు ప్రపంచ యువజన దినోత్సవమును నెలకొల్పిరి. 1986లో అది మొదలయ్యెను. 1995లో మనీలా నగరమున జరిగిన పూజకు వచ్చినవారు 40 లక్షలకు పైబడిరని అంచనా. 2025 ఆగస్టు మొదటి వారాంతమున, రోము నగరపు శివార్లలో 14వ లియో పోపుతో కలిసి లక్షలాది యువజనులు జాగరణ చేసిరి. స్నేహమును గూర్చియు, జీవితమార్గము నెన్నుకొను ధైర్యమును గూర్చియు వారు ప్రశ్నలడిగిరి; పోపు బదులిచ్చిరి. అనంతరము దివ్యసత్ప్రసాదము నెదుట అంతటి జనసముద్రమును మౌనము వహించెను.

ఆ మౌనమే గమనింపదగినది. పాటలు, చప్పట్లు ఉత్సాహము కలిగించును; కాని ఉత్సాహము విశ్వాసము కాదు. పాపసంకీర్తనమున తన తప్పును తానే పలుకుట, ఆరాధనలో ఒంటిగా నిలుచుట, ఎదుటివాని కష్టమును చెవియొగ్గి వినుట — వీనియందు విశ్వాసము వేరూనును. 2025 సెప్టెంబరు 7న పునీతుడుగా ప్రకటింపబడిన కార్లో అకూటిస్ 2006లో, 15 ఏండ్ల వయసున మరణించెను. కంప్యూటరు విద్యయందు ఆసక్తి గల ఆ బాలుని పెంచినవి జనసమూహములు కావు; ప్రతిదినమును విడువని పూజయు, జపమాలయు, పేదలయెడ దయయు.

విశ్వాసము మాతృభాషలోనే మనసున కెక్కునని తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరితమును వేదాంత రసాయనమను తెలుగు కావ్యముగా ఏనాడో రచించెను. 1962–65 నాటి రెండవ వాటికన్ మహాసభ పిమ్మట పూజయు తెలుగున వినవచ్చెను. కనుక సమ్మేళనములలో విద్యార్థులు కంఠస్థము చేసిన మాటలు వల్లించుటకంటె, తమ సందేహములను తమ తెలుగులో చెప్పుకొనుట మేలు.

నల్లగొండ మేత్రాసనము 1976లో ఏర్పడినది. అట్టి మేత్రాసనములలోని గురువులకును, ఉపదేశులకును, ఉపాధ్యాయులకును అసలు పని సమ్మేళనము ముగిసిన మఱునాడు మొదలగును. ఇల్లు చేరిన విద్యార్థి కోతకాలమున అలసిన తండ్రికి చేయి యందించెనా? వెనుకబడిన సహాధ్యాయికి లెక్కలు చెప్పెనా? కులము పేర ఒకని నవమానించుచుండగా ఊరకుండెనా, అడ్డుపడెనా? నెలకొకసారి నలుగురు కూడి ఈ ప్రశ్నలు వేసికొను చిన్న బృందము ప్రతి విచారణలోను ఉన్నచో, మూడునాళ్ల ముచ్చట ముప్పది యేండ్ల నడవడిగా మాఱును. లేనిచో మిగులునది ఛాయాచిత్రములు మాత్రమే.