ఏడెందుకు? ఎనిమిదైతే ఏం పోతుంది?

పోయిన సెమిస్టర్‌లో ఒక ఫెస్ట్‌కి మా బ్యాండ్ ఎంట్రీ ఫారం నింపుతుంటే 'జానర్' అని ఒక కాలమ్ వచ్చింది. మా గిటారిస్ట్ ఒక్క సెకను కూడా ఆలోచించకుండా 'ప్రోగ్రెసివ్ రాక్' అని కొట్టేశాడు. ఎవరం అడ్డు చెప్పలేదు. వినడానికి బాగుంది కదా!

ఆడిషన్‌లో పాట అయ్యాక జడ్జిగారు అడిగారు. "ప్రోగ్రెసివ్ అని రాశారు, ఎందుకు?"

"సార్, ఇంట్రో రిఫ్ 7/8లో ఉంది సార్" అన్నాడు మావాడు గర్వంగా.

"విన్నాను. ఏడెందుకు బాబూ? ఎనిమిది చేస్తే ఏం పోతుంది?"

మా నలుగురిలో ఒక్కరి దగ్గర కూడా సమాధానం లేదు. బాస్ వాయించేవాడు కేబుల్ చుట్టడంలో బిజీ అయిపోయాడు. నేను డ్రమ్ స్టిక్స్ చూసుకుంటూ కూర్చున్నా. సెలెక్ట్ కాలేదని వేరే చెప్పక్కర్లేదు. వెనక్కి వచ్చాక నారాయణగూడలో చాయ్ దగ్గర పెద్ద లొల్లి. "నీకు ఏడు లెక్క పెట్టడం రాదు, అందుకే పాట పడిపోయింది" అని వాడు. "పాటకి అక్కర్లేని లెక్క నువ్వే పెట్టినవ్" అని నేను. తర్వాత రెండు వారాలు ప్రాక్టీస్ లేదు, ఫోన్లు లేవు. ఇక బ్యాండ్ అయిపోయిందనే అనుకున్నా.

ఆ రెండు వారాలూ జడ్జిగారి ప్రశ్న నన్ను వదల్లేదు. దానికోసం విన్నవీ చదివినవీ ఇక్కడ పెడుతున్నా.

మూడు నిమిషాల గోడ

1960ల మధ్య దాకా రాక్ పాట అంటే దాదాపు మూడు నిమిషాలు. సింగిల్ రికార్డుకీ రేడియోకీ సరిపోయే కొలత అది. చరణం, పల్లవి, మళ్లీ చరణం, మధ్యలో ఒక గిటార్ సోలో, అంతే. ఎల్పీ రికార్డులో ఒక్కో వైపు ఇరవై నిమిషాలు పడుతుంది. కానీ చాలామంది దాన్ని విడివిడి పాటలు కట్టిన మూటలాగే వాడేవాళ్లు.

ఇంగ్లండులో కొంతమందికి ఆ ఇరవై నిమిషాలూ ఖాళీ స్థలంలా కనిపించాయి. 1967లో మూడీ బ్లూస్ 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్'లో ఆర్కెస్ట్రా పెట్టి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఒక రోజుని ఆల్బమ్‌గా చేశారు. 1969లో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్ వచ్చింది. అందులో మెలోట్రాన్ వినిపిస్తుంది. అది ఒక కీబోర్డు. కీ నొక్కితే లోపల వయొలిన్లో ఫ్లూటో రికార్డు చేసిన టేపు ముక్క తిరుగుతుంది. ఈరోజు మనం శాంప్లర్ అంటున్నదానికి తాత అన్నమాట. 1972లో యెస్ బ్యాండ్ 'క్లోజ్ టు ది ఎడ్జ్' పాట ఒక్కటే ఎల్పీలో ఒక వైపంతా తీసుకుంది. అదే ఏడాది జెత్రో టల్ 'థిక్ ఆజ్ ఎ బ్రిక్' అని ఆల్బమ్ మొత్తాన్నీ ఒకే పాటగా చేశారు. చిత్రమేంటంటే, వాళ్లు చేసింది ఇలాంటి భారీ ఆల్బమ్‌లని వెక్కిరించడానికి!

మూడు గుర్తులు, మూడూ చాలవు

ప్రోగ్రెసివ్ అంటే ఏంటని ఎవరినడిగినా మూడు గుర్తులు చెప్తారు. పొడుగు పాట, వంకర లెక్క, ఆల్బమ్ నిండా ఒక కథ. ఒక్కోటి చూద్దాం.

పొడుగా? ఐరన్ బటర్‌ఫ్లై 1968లో చేసిన 'ఇన్-ఎ-గాడ-డ-విడ' 17 నిమిషాలు. కానీ అందులో ఎక్కువ భాగం ఒకే రిఫ్ మీద సోలోలు. దాన్ని సాధారణంగా ప్రోగ్రెసివ్ అనరు. వంకర లెక్కా? బీటిల్స్ 'ఆల్ యూ నీడ్ ఈజ్ లవ్' చరణాలు ఎక్కువ భాగం ఏడు బీట్లలో నడుస్తాయి. అది అందరూ కలిసి పాడుకునే పాప్ పాట. కథా? ద హూ బ్యాండ్ 1969లోనే 'టామీ' అనే కథ చెప్పింది. దాన్ని రాక్ ఒపేరా అన్నారు. అటువైపు చూస్తే పింక్ ఫ్లాయిడ్ 'కంఫర్టబ్లీ నంబ్' నాలుగు బీట్ల మామూలు లెక్కే. అయినా ప్రోగ్రెసివ్ లిస్టుల్లో ఆ బ్యాండ్ పేరు ఎప్పుడూ ఉంటుంది.

అంటే ఇవి లక్షణాలే తప్ప కారణాలు కావు. జ్వరం వస్తే ఒళ్లు వేడెక్కుతుంది. ఎండలో నిలబడినా వేడెక్కుతుంది.

టొరంటో సిగ్నల్

నాకు దారి చూపింది రష్ అనే కెనడా బ్యాండు. 1981లో వచ్చిన 'వైవైజెడ్' అనే వాద్య సంగీతం. 'YYZ' అనేది టొరంటో విమానాశ్రయం కోడ్. ఆ అక్షరాల మోర్స్ కోడే పాట మొదట్లో వచ్చే రిదమ్. మన ఈసీఈ వాళ్లు లెక్క వేసి చూడండి. గీతకి రెండు, చుక్కకి ఒకటి అనుకుంటే 'Y' అంటే గీత, చుక్క, గీత, గీత: 2+1+2+2 = 7. రెండో 'Y' ఇంకో 7. 'Z' అంటే గీత, గీత, చుక్క, చుక్క: 2+2+1+1 = 6. మొత్తం 20. నాలుగేసి కలిపితే ఐదు బీట్లు.

"ఐదులో పెడదాం, కష్టంగా ఉంటుంది" అని పుట్టిన ఐదు కాదది. ఊరి పేరులోంచి దానంతటదే వచ్చింది. ఒక్క చుక్క తీసేస్తే అది టొరంటో కాదు. జడ్జిగారు అడిగింది కూడా ఇదే కదా!

చిక్కడపల్లిలో ఏడు పాతదే

నేను పదో తరగతి దాకా చిక్కడపల్లిలో మృదంగం నేర్చుకున్నా. ఇంటర్లో చేరగానే మృదంగం అటకెక్కింది. గొడవ తర్వాత ఒక సాయంత్రం ఊరికే త్యాగరాయ గానసభలోకి వెళ్లి కూర్చున్నా. కచేరీలో మిశ్ర చాపు కృతి వచ్చింది. తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు. నా పక్క సీట్లో ఒక బామ్మగారు ఒడిలో చెయ్యి పెట్టుకుని, పక్కావిడతో మనవడి పెళ్లి సంగతులు చెబుతూనే, ఒక్క దెబ్బ తప్పకుండా ఆ ఏడూ వేస్తున్నారు. మేం ఫారంలో గొప్పగా రాసుకున్న 'ప్రోగ్రెసివ్' అది!

మన క్లబ్ వాళ్లకి ఇంకో ఉదాహరణ. గురజాడ 1910లో ముత్యాల సరం మొదలుపెట్టారు. అందులో పాదం నడక మూడూ నాలుగూ మూడూ నాలుగూ మాత్రలు, అంటే ఏడేడు. ఆయన 'దేశభక్తి' గేయాన్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చదవండి, తెలుస్తుంది. ఏడు మాత్రల నడక అప్పటికే వృషభగతి రగడలో ఉంది. కాబట్టి ఆయన తెచ్చిన కొత్తదనం ఏడు కాదు. పద్య ఛందస్సులో ఇమడని వాడుక మాటల్ని ఇముడ్చుకునే పాత్ర ఆయనకి కావాలి. దానికోసం ఆ నడకని అలా మలుచుకున్నారు.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. తెలుగు సాహిత్యంలో 'ప్రోగ్రెసివ్' అంటే అభ్యుదయం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పెట్టినప్పుడు ప్రశ్న 'నువ్వు ఎవరి పక్షం?' అని. అంటే చెప్పే విషయం గురించి. రాక్‌లో ఆ మాట రూపం గురించి స్థిరపడింది. నాకేమో రెండూ విడిగా పనిచేయవనిపిస్తోంది. విషయం రూపాన్ని తోసినప్పుడే అది ముందుకి కదలడం. ఎవరో 1972లో వేసిన అడుగుల్లోనే ఇవాళ అడుగులు వేస్తే అది 'ప్రోగ్' అనే స్టైల్ అవుతుంది. చక్కగానే ఉండొచ్చు, కానీ ముందుకి కదిలింది మాత్రం ఏమీ లేదు.

హంసనాదంలో 'గ' లేదు

మరి ఈ పరీక్షకి మన దగ్గర ఎవరు నిలబడతారు? నేను పట్టుకున్నది బెంగళూరు బ్యాండ్ 'అగం'. కర్ణాటక సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్‌తో కలిపే వాళ్లు. 2012లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అని ఉంటుంది. అది మన త్యాగరాజు 'బంటురీతి కొలువు', హంసనాదం, ఆదితాళం. అంటే ఎనిమిదే! వంకర లెక్క లేదు. మరి కొత్తది ఎక్కడుంది?

మా ఇంట్లో కీబోర్డు ముందు కూర్చుంటే కొంత అర్థమైంది. ఇప్పుడు ఎక్కువగా పాడే హంసనాదంలో స్వరాలు స రి మ ప ని. 'గ' లేదు. పాశ్చాత్య సంగీతంలో 'స' మీద కార్డు కట్టాలంటే అది మేజరా మైనరా అని చెప్పేదే ఆ 'గ'. అది లేకపోతే మామూలు కార్డు కుదరదు. కానీ రాక్ గిటార్ వాళ్ల పవర్ కార్డులో కూడా 'గ' ఉండదు, 'స', 'ప' మాత్రమే. ఎందుకంటే డిస్టార్షన్ అంటే సిగ్నల్‌ని క్లిప్ చేయడం. అప్పుడు కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. స, ప 2:3 నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి అవి వరసలోనే పడతాయి. మధ్యలో 'గ' పెడితే గజిబిజి. ఇక 'ప ని రి' కలిపితే మేజర్ కార్డు, 'ని రి మ' కలిపితే మైనర్ కార్డు దొరుకుతాయి. రాగంలో లేని స్వరం ఒక్కటి కూడా తాకకుండా!

రాగం పెట్టిన అడ్డు వల్లే ఆ దారి దొరికింది. ఈ మాట చెప్పడానికే మా గిటారిస్ట్‌కి ఫోన్ చేశా. రెండు వారాల గొడవ గురించి ఒక్క ముక్క లేదు. "ఆగు, గిటార్ తీస్తా" అన్నాడు.

తొమ్మిదో బీట్

మా పాట అశోక్‌నగర్ గురించి. మా బాస్ వాయించేవాడి అన్న అక్కడ హాస్టల్లో ఉండి, రోజూ సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకుంటూ గ్రూప్-2 కోసం ఎదురుచూశాడు. 2023 ఆగస్టులో జరగాల్సిన పరీక్ష నవంబరుకి, జనవరికి, మళ్లీ ఆగస్టుకి జరుగుతూ చివరికి 2024 డిసెంబరులో జరిగింది. నాలుగు వాయిదాలు. ఈ పాటకి ముందు మేం 7/8 ఇంట్రో తగిలించాం, అన్నకీ ఆ ఏడుకీ ఏ సంబంధమూ లేకుండా.

ప్రాక్టీస్‌లో ఇంట్రో తీసేశాం. పాటంతా ఎనిమిది. "వాయిదా వచ్చిన చోట ఒక బీట్ కోసేసి ఏడు చేద్దాం" అన్నాడు గిటారిస్ట్, ఇంకా ఆశ చావక. అప్పటిదాకా మాట్లాడని బాస్ అన్నాడు. "అన్నకి తేదీ ముందుకి రాలేదురా, వెనక్కి పోయింది. బీట్ కొయ్యడం కాదు, కలపాలి."

అలాగే చేశాం. తాళం మొదటి దెబ్బ పడాల్సిన చోట పడదు, ఒక బీట్ ఆగి పడుతుంది. మొదటి వాయిదాకి తొమ్మిది, తర్వాత పది, పదకొండు, పన్నెండు. వినేవాళ్ల కాలు ప్రతిసారీ ముందే నేలకి తగులుతుంది. మొదటిసారి వాయించినప్పుడు మా అందరికంటే ముందు తప్పింది నేనే.

పాట నాలుగున్నర నిమిషాలే. మెలోట్రాన్ లేదు, కథల ఆల్బమ్ లేదు. వచ్చే ఫెస్ట్ ఫారంలో జానర్ ఏం రాయాలో ఇంకా తేలలేదు. కానీ ఆ తొమ్మిదో బీట్ తీసేస్తే ఏం పోతుందని జడ్జిగారు మళ్లీ అడిగితే చెప్పడానికి ఒక మాట ఉంది. "వాయిదా పోతుంది సార్."