వసంతంలో మామిడి చెట్టు సంరక్షణ

పండ్లతోటల పెంపకం మీద మనకు దొరికే ఇంగ్లీషు పుస్తకాలు చాలావరకు చలిదేశాల్లో రాసినవి. వాటిలో వసంతకాలపు పనులు చెప్పే అధ్యాయం తెరిస్తే ముందు ఆపిల్ చెట్టే కనిపిస్తుంది. చలికాలం చివర, మొగ్గ విచ్చకముందే కొమ్మలు కత్తిరించాలి, ఎరువు వేయాలి, నేల ఆరకుండా చూడాలి అని ఉంటుంది. ఆపిల్‌కు అది సరైన సలహాయే. పొందూరు చుట్టుపక్కల రైతు అదే సలహాను తన మామిడి తోటలో అమలు చేస్తే మాత్రం ఆ ఏటి కాపు చాలావరకు పోతుంది. కారణం ఏమిటో ఈ పాఠంలో చూద్దాం.

ఆపిల్ చెట్టు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. సాధారణ రకాలకు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలి సుమారు 1000 గంటలు అందితే తప్ప మొగ్గ సరిగా విచ్చదు. మన జిల్లాల మైదానంలో అంత చలి లేదు. పశ్చిమాన చింతపల్లి, లంబసింగి మన్యంలో ఆపిల్ మొక్కలు నాటి పరిశీలించారు గాని, మన తీరానికి ఆ ముచ్చట పనికిరాదు. మన వసంతపు చెట్టు మామిడి. దీనికి అంత చలి అక్కర్లేదు. రాత్రిళ్లు చల్లబడి, నేలలో కొంత బెట్ట ఉంటే చాలు, ముదిరిన కొమ్మల చివర్ల నుంచి పూత వస్తుంది. ‘కొమ్మల చివర్ల నుంచి’ అన్న మాట గుర్తుంచుకోండి. ఆపిల్ పూత ఎక్కువగా పాత కొమ్మల మీది పొట్టి రెమ్మలపై వస్తుంది కాబట్టి చివర్లు కత్తిరించినా పూత మిగులుతుంది. మామిడికి చివర్లు కత్తిరిస్తే పూతనే కత్తిరించినట్టు. అందుకే మామిడికి కత్తిరింపులు కోత అయ్యాక, జూన్, జూలైలలో చేస్తారు.

పంచాంగం ప్రకారం వసంతం చైత్రంలో మొదలవుతుంది. మామిడి అంతవరకు ఆగదు. మాఘ ఫాల్గుణాల్లోనే పూత నిండుగా ఉంటుంది, ఉగాది నాటికి పచ్చడికి కాయ అందుతుంది.

పూతలో ఏం జరుగుతుంది?

ఒక పూగుత్తిలో వేల పూలు ఉండవచ్చు. వాటిలో అధికభాగం మగపూలు. అవి కాయ కావు. భూతద్దంతో చూస్తే కొన్ని పూల నడుమ చిన్న పూసలాంటి అండాశయం కనిపిస్తుంది. అవి ద్విలింగ పుష్పాలు, కాయ కట్టేవి అవే. వీటి వాటా రకాన్ని బట్టి మారుతుంది. పరాగసంపర్కం జరిపేవి ముఖ్యంగా ఈగలు, తేనెటీగలు. ఇంట్లో మనం తోలే ఈగ తోటలో కూలి అడగని పనివాడు. వెయ్యి పూలకు ఒక్క కాయ నిలిచినా మంచి కాపే. కాబట్టి పూలు, పిందెలు రాలడం చూసి కంగారుపడకూడదు. చెట్టు మోయగలిగినంతే ఉంచుకుంటుంది.

ఈ దశలో రైతును భయపెట్టేది తేనెమంచు పురుగు. చెట్టు కింద నడిస్తే ఆకుల మీద చిటపటమని చప్పుడు వినిపిస్తుంది, అది ఈ పురుగులు ఎగరడమే. ఇవి పూకాడల రసం పీల్చి జిగట విసర్జిస్తాయి. దాని మీద నల్లని మసి మంగు పెరుగుతుంది. చలి రాత్రులు, మబ్బు పట్టిన రోజులు ఉంటే తెల్లని బూడిద తెగులు కూడా తోడవుతుంది. మందు కొట్టాల్సివస్తే అది పూమొగ్గ పొడుచుకు వస్తున్నప్పుడు, మళ్లీ పిందె కట్టాక. బూడిద తెగులుకు నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు. పురుగుకు ఏ మందు వాడాలో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీ ఉద్యాన అధికారినో అడిగి తెలుసుకోండి. దుకాణదారు మాట ఒక్కటే వినకండి. పూత పూర్తిగా విచ్చి ఉన్నప్పుడు మాత్రం పురుగుమందు కొట్టకూడదు.

ఈ నియమం నేను తరగతి గదిలో నేర్చుకోలేదు. నా చిన్నప్పుడు మా నాన్నగారు ఇంటి అవసరం కోసం తోటను పూత మీదే గుత్తకు ఇచ్చారు. మన ప్రాంతంలో ఇది మామూలే. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన గుత్తదారు పూత పోతుందేమోనని, నిండు పూత మీద మూడుసార్లు మందు కొట్టించాడు. పురుగు పోయింది. పూత అద్దంలా ఉంది. కాని చెట్ల కింద ఈగ అన్నది లేదు. పిందె చాలా తక్కువ నిలిచింది. ఆ ఏడాది పొగమంచు కూడా ఎక్కువే, కాబట్టి నష్టమంతా మందు వల్లనే అని నేను అనను. నాన్నగారు గుత్త సొమ్ములో సగం తిరిగి ఇచ్చేశారు. ఆ తర్వాత గుత్తకు ఇచ్చినప్పుడల్లా మందు ఎప్పుడు కొట్టాలో ముందే మాట తీసుకునేవారు. మీ తోట గుత్తకు ఇస్తే మీరూ ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

నీరు

కాపుకొచ్చిన చెట్టుకు పూతకు రెండు మూడు నెలల ముందు నుంచే నీరు ఆపాలి. పూత సమయంలో జాలిపడి నీరు పెడితే పూతకు బదులు లేత చిగురు వస్తుంది, ఉన్న పూత కూడా రాలవచ్చు. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీరు మొదలుపెట్టి, నేలను బట్టి 10 నుంచి 15 రోజులకు ఒకసారి ఇవ్వాలి. ఎర్ర ఇసుకనేలలు త్వరగా ఆరిపోతాయి, అక్కడ వ్యవధి తగ్గించాలి. పాదు మొదలు దగ్గర కాదు, కొమ్మల నీడ అంచు కింద ఉండాలి. నీరు పీల్చే సన్నని వేర్లు ఎక్కువగా ఉండేది అక్కడే. కోతకు పదిహేను ఇరవై రోజుల ముందు నీరు ఆపితే పండు రుచి బాగుంటుంది.

లేత అంటు మొక్కల సంగతి వేరు. వాటికి బెట్ట పెట్టకూడదు, వేసవంతా నీరు అందాలి. మొదటి మూడు నాలుగేళ్లు వచ్చిన పూతను తుంచేయాలి. ఈ మాట చెబితే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, తొలికాయ మీద ఆశ అలాంటిది. కాని ఆ వయసులో కాయ మోస్తే మొక్క ఎదుగుదల కుంటుపడుతుంది.

పిందె దశలో రాలడం మరీ ఎక్కువగా ఉంటే ప్లానోఫిక్స్ మందు 1 మిల్లీలీటరు నాలుగున్నర లీటర్ల నీటిలో కలిపి పిచికారీ చేయవచ్చు. మోతాదు పెంచితే మేలు పెరగదు. ముందు నీటి ఎద్దడి ఉందేమో చూసుకోండి. సువర్ణరేఖ వంటి ముందుగా వచ్చే రకాల్లో కాయ ముదిరే వేళకు పండు ఈగ చేరుతుంది. మిథైల్ యూజినాల్ ఎరలు కట్టి, రాలిన కాయలను రోజూ ఏరి గోతిలో లోతుగా పూడ్చాలి. చెట్టు కిందే వదిలేస్తే అందులోని పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై పైకి వస్తుంది.

క్షేత్ర అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న ఒక మామిడి చెట్టుకు నాలుగు దిక్కులా ఒక్కో పూగుత్తికి రంగు దారం కట్టండి. పూత విచ్చిన రోజు నుంచి వారానికోసారి వాటిలోని పిందెలు లెక్కించి, ఆ వారం పొగమంచు, మబ్బు, నీటి తడి, మందుల వివరాలు పక్కన రాయండి. కోత నాటికి ఏ దిక్కున ఎన్ని కాయలు నిలిచాయో, ఎందుకని మీరు అనుకుంటున్నారో ఒక పేజీలో రాసి సంపర్క తరగతికి తీసుకురండి.