నాదానికో ఎక్కాల పుస్తకం

పదమూడో ఎక్కం నోటికొచ్చిన పిల్లవాణ్ణి పదమూడు ఏడులెంత అని అడిగి చూడండి. ఏడు పదమూళ్లను కూడుకుంటూ కూర్చోడు. తొంభై ఒకటి అనేస్తాడు. ఆ లెక్క ఎవరో ఎప్పుడో చేసి పట్టికలో పెట్టారు, వాడు దాన్ని అప్పజెబుతున్నాడంతే. ఇవాళ ట్యాబ్లెట్ల మీద మోగుతున్న వేవ్‌టేబుల్ సింథసైజర్లన్నీ ఈ పిల్లవాడి పద్ధతిలోనే పాడతాయి. అప్పటికప్పుడు నాదాన్ని పుట్టించే శ్రమ పడవు. ముందే రాసిపెట్టుకున్న అంకెల పట్టికను చదువుతాయి. ఆ పట్టికను ఎంత తెలివిగా పేర్చారు, ఎంత అందంగా చదువుతున్నారు అన్న దాంట్లోనే ఒక వాద్యానికీ ఇంకో వాద్యానికీ తేడా.

వీణ మీద షడ్జం, నాదస్వరం మీద అదే షడ్జం. శ్రుతి ఒకటే అయినా కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పేస్తాం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ధ్వని నాణ్యత అన్నారు. మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాల్లో మోగే అనుస్వరాలు ఏ పాళ్లలో కలిశాయన్న దాన్ని బట్టి ఈ గుణం ఏర్పడుతుంది. పాళ్లు మారితే తరంగం ఆకారం మారుతుంది, చెవికి వాద్యమే మారినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఆ తరంగంలో ఒక్క ఆవృత్తిని కాగితం మీద గీసి, అడ్డంగా 128 భాగాలు చేసి, ఒక్కోచోట గీత ఎంత ఎత్తులో ఉందో అంకె వేసుకుందాం. ఈ 128 అంకెలే పట్టిక. చిప్పు వాటిని మొదటి నుంచి చివరిదాకా చదివి మళ్లీ మొదటికి వస్తుంది. సెకనుకు 440 సార్లు అలా తిరిగితే వాద్యబృందాలు శ్రుతి చేసుకునే స్వరం మోగుతుంది. అంటే సెకనుకు 56,320 అంకెలు చదవాలి. పై స్థాయి కావాలంటే అదే పట్టికను రెట్టింపు వేగంతో చదివితే చాలు.

ఈ ఆలోచనకు మూలం అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఉంది. అక్కడి ఇంజనీరు మ్యాక్స్ మాథ్యూస్ 1957లో ఐబీఎం 704 కంప్యూటరుతో 17 సెకన్ల పాట మోగించాడు. ఆ ప్రోగ్రాం పేరు మ్యూజిక్ 1. మరుసటి ఏడాది రాసిన మ్యూజిక్ 2లో తరంగ రూపాలను మెమరీలో పెట్టుకుని చదివే పద్ధతి తెచ్చాడు. అయితే ఆ కంప్యూటరు ముందు కూర్చుని ఎవరూ కచేరీ చేయలేరు. ప్రోగ్రాం ఇచ్చి, లెక్క పూర్తయ్యేదాకా ఆగి, తర్వాత వినాలి.

చేతికి అందే వాద్యంగా దాన్ని మార్చినవాడు జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టిన వోల్ఫ్‌గాంగ్ పామ్. 1975లో పీపీజీ అనే చిన్న కంపెనీ పెట్టాడు. మొదట్లో ఆయన చేసినవి కూడా అందరిలాంటి అనలాగ్ సింథసైజర్లే. వాటితో ఎవరికైనా రెండు తలనొప్పులుండేవి. గది వేడెక్కితే స్వరాన్ని పుట్టించే సర్క్యూట్ల, అంటే ఆసిలేటర్ల, శ్రుతి జారిపోయేది. ఒకేసారి ఎనిమిది స్వరాలు పలకాలంటే ఎనిమిది జతల సర్క్యూట్లు కట్టాలి. డిజిటల్ ఆసిలేటరు పెడితే శ్రుతి జారదు. కానీ ఒకే పట్టికను పదేపదే చదివితే వచ్చేది కదలిక లేని మొండి మోత. మీటిన వీణ తీగను గమనించండి. మొదటి క్షణంలో అనుస్వరాలన్నీ గుప్పుమని లేస్తాయి, పైవి ముందు సద్దుమణుగుతాయి, చివరికి మెత్తటి మూల స్వరం మిగులుతుంది. ఆ మార్పే మన చెవికి ప్రాణం. అనలాగ్ వాద్యాల్లో దీన్ని అనుస్వరాలను తగ్గించే ఫిల్టర్లు తెచ్చేవి. ఫిల్టరు లేకుండానే తేవాలని పామ్ పట్టుబట్టాడు.

ఒక్క తరంగాన్ని కాకుండా కొద్దికొద్దిగా రూపం మారే 64 తరంగాలను వరసగా పేర్చి, స్వరం మోగుతుండగానే ఒకదాని నుంచి పక్కదానికి జరిగిపోవడం ఆయన కనిపెట్టిన దారి. జడలో పాయలు మారినంత సహజంగా నాదం రంగు మారుతుంది. మెమరీ ఖరీదైన కాలం అది. పామ్ పొదుపు చూస్తే ముచ్చటేస్తుంది. 128 అంకెల్లో సగమే దాచేవాడు. మిగతా సగం మొదటి సగానికి తలకిందుల ప్రతిబింబం కనుక దాన్ని చిప్పే తయారు చేసుకునేది. 64 తరంగాల్లోనూ ముఖ్యమైన కొన్నింటినే దాచి, మధ్యవాటిని లెక్కగట్టి నింపేవాడు. అంకెకు ఒక బైటు చొప్పున 64 తరంగాల సగాలన్నీ దాచినా, ఆ వరసంతా ఉన్న ఒక పట్టికకు అయ్యేది 4,096 బైట్లే. మన ఫోను తీసే ఒక్క ఫొటోలో అలాంటి పట్టికలు వందల కొద్దీ పడతాయి.

1970ల చివర వచ్చిన ఆయన 360 వేవ్ కంప్యూటరులో నిజంగానే ఫిల్టర్లు లేవు. నాదం కొత్తగా ఉందన్నారు, కానీ పలచగా ఉందనీ అన్నారు. పామ్ ఆ మాట పట్టించుకున్నాడు. 1981లో తెచ్చిన వేవ్ 2లో డిజిటల్ తరంగాల వెనక అనలాగ్ ఫిల్టర్లు పెట్టాడు. మరుసటి ఏడాది వేవ్ 2.2 వచ్చింది. నీలి రంగు పెట్టె, ఒకేసారి 8 స్వరాలు, ఒక్కో స్వరానికి రెండు ఆసిలేటర్లు. గాజును వేలితో రాస్తే వచ్చే మెరుపు లాంటి నాదం. 8 బిట్ల అంకెల గరుకుదనం, పై స్వరాల్లో లెక్క తప్పి పుట్టే అదనపు ధ్వనులు, ఒక తరంగం నుంచి ఇంకోదానికి దూకేటప్పుడు వినిపించే చిన్న మెట్లు, ఇవన్నీ సాంకేతికంగా లోపాలే. చెవికి మాత్రం అవే ఆ వాద్యం గొంతుగా స్థిరపడ్డాయి. బెర్లిన్ బృందం టాంజరీన్ డ్రీమ్, లండన్ సంగీతకారుడు థామస్ డాల్బీ పామ్ యంత్రాలను లోకానికి వినిపించారు.

పామ్ అక్కడితో ఆగలేదు. 1986లో రియలైజర్ అనే నమూనా చూపించాడు. అందులో వాద్యం అంటే తెర మీద గీసిన బొమ్మ, దాని వెనక నడిచే ప్రోగ్రాం. ప్రోగ్రాం మారిస్తే వాద్యమే మారిపోతుంది. పేరు మోసిన అనలాగ్ సింథసైజరు మినీమూగ్ కూడా తెర మీద ప్రత్యక్షమయ్యేది. ఆ రోజుల చిప్పులతో దాన్ని అమ్మదగిన ధరకు తయారు చేయడం అసాధ్యం. 1987లో పీపీజీ మూతపడింది. ఈ వాద్యం జీవితంలో నాకు అన్నిటికన్నా మనసుకు తగిలే ఘట్టం ఇదే. ఆలోచనలో తప్పు లేదు, పాతికేళ్లు ముందుగా వచ్చిందంతే.

పీపీజీ వాద్యాలను అమ్మిన వోల్ఫ్‌గాంగ్ డ్యూరెన్ 1988లో వాల్డార్ఫ్ కంపెనీ పెట్టి వారసత్వం అందుకున్నాడు. 1989లో వచ్చిన వాళ్ల మైక్రోవేవ్‌లోని చిప్పును పామే రూపొందించాడు.

2010లో ఐప్యాడ్ వచ్చింది. చేతిలో పట్టే తెర, వేలితో తాకితే స్పందించే గాజు, రియలైజరుకు దొరకని వేగం. ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. కీ తాకిన క్షణానికీ ధ్వని వచ్చే క్షణానికీ మధ్య ఆలస్యం వాయించేవాడికి ప్రాణాంతకం. 256 శాంపిళ్ల (ధ్వని అంకెల) గుత్తులుగా ధ్వనిని పంపితే, సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన ఆలస్యం 6 మిల్లీసెకన్ల లోపే. రెండు మీటర్ల దూరంలో ఉన్న మృదంగం మోత మన చెవికి చేరడానికి పట్టేంత కాలం. ఐప్యాడ్ ఈ పని మొదటి నుంచీ చక్కగా చేసింది. తొలినాళ్ల ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో ఆలస్యం చాలా ఎక్కువ. ఆ లోటు తీర్చే ఆడియో వ్యవస్థను గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ 8తో తెచ్చింది. మంచి సింథసైజర్ యాప్‌లు చాలావరకు ఐప్యాడ్ దగ్గరే పోగుపడటానికి ఆ పాత ఆలస్యం ఒక ముఖ్య కారణం.

ఈ యాప్‌లలో మూడు కుటుంబాలను దగ్గర పెట్టుకుని పోల్చుకోవచ్చు.

2011 అక్టోబరులో మూగ్ కంపెనీ యానిమూగ్ విడుదల చేసింది. ప్రారంభ ధర డాలరుకు ఒక సెంటు తక్కువ. అనలాగ్ వాద్యాలకు పేరు మోసిన ఆ ఇంటి పాత కొత్త ఆసిలేటర్ల తరంగాలే అందులోని పట్టికలు. తెర మధ్యలో ఒక చదరం ఉంటుంది. అడ్డంగా జరిగితే ఒక నాదంలోనే రూపాలు మారతాయి, నిలువుగా జరిగితే ఒక నాదం నుంచి ఇంకో నాదంలోకి పోతాం. కీ నొక్కగానే ఒక చుక్క ఆ చదరంలో తిరగడం కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు చుక్క వెంట కళ్లు పరుగెత్తాయి, చెవి వాటి వెనక నడిచింది. పాఠం చెప్పనవసరం లేకుండా వేవ్‌టేబుల్ అంటే ఏమిటో అర్థమైపోతుంది. దాని కీబోర్డు ఇంకా గొప్పది. కీ మీద వేలు జరిపితే శ్రుతి కూడా జరుగుతుంది, శ్రుతి సరిదిద్దే మీటను తగ్గించేస్తే మెట్లు లేకుండా జారుతుంది. గమకం కోసం తపించే మన చెవులకు మామూలు కీబోర్డు ఇవ్వలేని సుఖం అది. 2021లో వచ్చిన యానిమూగ్ జడ్ ఆ చదరానికి లోతు కూడా కలిపి త్రీడీ చేసింది.

పామ్ తానే తిరిగి వచ్చాడు. 2012లో వేవ్‌జెనరేటర్, మరుసటి ఏడాది వేవ్‌మ్యాపర్. పాతికేళ్ల కిందట కంపెనీని ముంచిన కల ఇప్పుడు కొద్దిపాటి డాలర్లకు ఇంటింటికీ దిగింది. వేవ్‌జెనరేటరులో తరంగాలు ఒక్క వరసగా కాక గళ్ల చాపలా పరచి ఉంటాయి. ఏ గడి నుంచి ఏ గడికి ఎలా నడవాలో మనం నిర్ణయించాలి. వేవ్‌మ్యాపరులో నాదాలు పటం మీద ఊళ్లలా ఉంటాయి, రెండు ఊళ్ల మధ్య నిలబడితే రెండింటి గుణాలూ కలిసిన కొత్త నాదం పలుకుతుంది. ఇంత లోతు ఇంకెక్కడా చూడలేదు. కానీ కొత్తవాళ్లకు ఆ తెర భయం పుట్టిస్తుంది. ఆ యాప్‌లతో కూర్చున్న మొదటి వారం నేను వాయించింది తక్కువ, వెతుక్కున్నది ఎక్కువ.

2013లో వాల్డార్ఫ్ తెచ్చిన నేవ్ ఈ రెండింటికీ మధ్య దారి. దాన్ని రాయడంలో ప్రోగ్రామర్ రోల్ఫ్ వోర్మన్ పాలుపంచుకున్నాడు. రెండు వేవ్‌టేబుల్ ఆసిలేటర్లు, పట్టికను త్రీడీ బొమ్మగా చూపే తెర. ఇందులోని ఒక సదుపాయం కోసం నేను గంటలు గడిపాను. మాట టైపు చేస్తే యాప్ దాన్ని పలికి, ఆ పలుకును ముక్కలు కోసి పట్టికగా పేర్చుకుంటుంది. ఇంగ్లిషు అక్షరాల్లో 'అమ్మ' అని కొట్టాను. యాస మనది కాదు, అయినా మాట తెలుస్తోంది. కీ నొక్కి పట్టుకుని పట్టికలో స్థానాన్ని వేలితో మెల్లగా జరిపితే పెదవులు మూసుకోవడం వినిపించింది. అకారం వెలుగు తగ్గుతూ తగ్గుతూ మకారంలోకి దిగిపోయింది. సరిగ్గా మధ్యలో వేలు ఆపాను. మాట్లాడేటప్పుడు రెప్పపాటులో దాటిపోయే ఆ సంధి అక్కడే నిలబడి మోగుతూ ఉంది. వెనక్కి జరిపితే మాట వెనక్కి నడిచింది. చిన్నప్పుడు కంఠ్యాలు, ఓష్ఠ్యాలు అని వల్లించాం కదా, వాటి భౌతికశాస్త్రం వేలి కింద తెలిసింది.

ఈ మూడింటికీ ఉన్న సమస్య గాజు. గాజుకు మెత్తదనం లేదు. గట్టిగా నొక్కామా, సుతారంగా తాకామా అన్నది దానికి సరిగా తెలియదు. అందుకని ఒక చిన్న మిడి కీబోర్డును, అంటే యాప్‌ను వాయించే విడి మెట్లపలకను, తగిలించుకుని, ఎడమ చేత్తో తెరను నడపడం మేలు.

రెండో సమస్య ఇంకా పెద్దది. 1982 నాటి వేవ్ 2.2 చెడిపోతే బాగు చేసేవాళ్లు ఇవాళ కూడా ఉన్నారు. యాప్‌కు ఆ భాగ్యం లేదు. 2017లో ఐప్యాడ్‌ను నడిపే సిస్టమ్ ఐఓఎస్ 11 వచ్చిన రోజున 32 బిట్ల పాత యాప్‌లన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. డబ్బు పెట్టి కొని, నెలల తరబడి నాదాలు కూర్చుకున్న ఒక యాప్ నాకూ అలాగే పోయింది. అప్పటి నుంచి యాప్‌లో తయారు చేసుకున్న ప్రతి మంచి నాదాన్నీ విడి స్వరాలుగా రికార్డు చేసి ఆడియో ఫైళ్లుగా దాచుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

ఏది కొనాలని అడిగేవాళ్లకు నా మాట ఇది. వాయించాలనే కోరిక ముందున్నవాళ్లకు యానిమూగ్. నాదం లోపలికి దిగి చూడాలనుకునేవాళ్లకు నేవ్. పామ్ యాప్‌లు ఓపిక ఉన్నవాళ్లకు. ఒక్కటే ఉంచుకోమంటే నేను నేవ్‌నే ఉంచుకుంటాను. కొనేముందు మీ ట్యాబ్లెట్ మోడలుకు, అందులోని సిస్టమ్ వెర్షనుకు ఆ యాప్ ఇప్పటికీ సరిపడుతుందో లేదో చూసుకోండి.

వోల్ఫ్‌గాంగ్ పామ్ ఏం కనిపెట్టాడో చెవితో తెలుసుకోవాలంటే, ఏ వేవ్‌టేబుల్ యాప్ దొరికితే అది తెరిచి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, ట్యాబ్లెట్ స్పీకరుకు మంద్రస్థాయి పలకదు. ఫిల్టరూ ఎకో అన్నీ ఆపేయండి. ఒక్క స్వరం నొక్కి పట్టుకుని, పట్టికను మొదటి తరంగం నుంచి చివరిదాకా నిమిషం పాటు మెల్లగా జరపండి.