షికాగో విలేఖరుల స్మృతులు: మద్యనిషేధకాలము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మద్యనిషేధము 1920 జనవరి 17వ తేది మొదలుకొని 1933 డిసెంబరు 5వ తేదివఱకు నమలులో నుండెను. శాసనమున్నను త్రాగువారు త్రాగుచునే యుండిరి. దొంగసారా వర్తకులు పోలీసులకును నగరనాయకులకును లంచములొసఁగి వ్యాపారము సాగించిరి. ఈ మువ్వురి నడుమ నిత్యము తిరుగువాఁడు పత్రికావిలేఖరి. కావున షికాగో నగరచరిత్రకు విలేఖరుల స్మృతులు సాక్ష్యములుగా నుదాహరింపఁబడుచున్నవి. కాని సాక్షి యెచ్చట నిలిచి చూచెనో విచారింపక సాక్ష్యమును గ్రహింపరాదు.

వీరిలో బెన్ హెక్ట్ మిక్కిలి ప్రసిద్ధుఁడు. ఇతఁడు 1910లో షికాగో పత్రికారంగమునఁ బ్రవేశించి, 1924 ప్రాంతమున న్యూయార్కునకుఁ దరలిపోయెను. 1929 ఫిబ్రవరి 14న నొక మోటారుబండ్ల కొట్టములో ఏడుగురు గోడకు నిలువఁబెట్టి కాల్పఁబడిన నాఁటికి ఇతఁ డా యూరివాఁడు కాఁడు. 1954లో వెలువడిన ‘ఎ చైల్డ్ ఆఫ్ ది సెంచరీ’ యను స్వీయచరిత్రలో ఇతఁడు చెప్పిన యొక వృత్తాంతము తఱచుగా వినవచ్చును. తాను కథ కూర్చిన ‘స్కార్ఫేస్’ చిత్రము (1932) తమ దొరను గూర్చినదా యని అల్ కపోన్ అనుచరు లిద్దఱు లాస్ ఏంజిలీస్‌లోని తన గదికి వచ్చి నిలదీసిరఁట. తాను మాటలచేతనే వారిని సమాధానపఱచి పంపెనఁట. చిత్రమునకుఁ బెట్టిన పేరు కపోన్‌కు లోకమిచ్చిన బిరుదే! కథ రసవంతమే. ప్రమాణము మాత్రము కర్తవాక్య మొక్కటియే.

అంతమాత్రమున హెక్ట్‌ను త్రోసివేయఁదగదు. ఇతఁడును చార్లెస్ మెకార్థరును గలసి రచించిన ‘ది ఫ్రంట్ పేజి’ నాటకమున (1928) వోట్లకై యొకని నురిదీయ నాత్రపడు మేయరును, శిక్షారద్దు పత్రమును దెచ్చిన దూతకు ఆశచూపి మరలించుటయు, పేకాడుచు నురికై వేచియుండు విలేఖరులును గాననగుదురు. ఇది యాతఁడు కన్నులారఁ జూచిన లోకము. ఆతఁడు షికాగోలో నున్న దినములలోఁ బెక్కు, విలియం హేల్ థాంప్సన్ మొదటిసారి మేయరుగా నున్న 1915–23 నడిమివి. ఆ నగరపు నడవడికి హెక్ట్ నమ్మఁదగిన సాక్షి. దొంగసారా ముఠాల చర్యలకుఁ గాఁడు. వానికి 1931 నాఁటి కపోన్ పన్నుకేసులోఁ జూపఁబడిన జూదగృహపు చిట్టాలే బలవత్తర ప్రమాణములు.

ముఠాల మర్మము నెక్కువగా నెఱిఁగిన విలేఖరి యేమియు వ్రాయలేదు. ‘షికాగో ట్రిబ్యూన్’ పత్రికకుఁ జేరిన జేక్ లింగిల్ వార్తను సేకరించి టెలిఫోనులోఁ జెప్పువాఁడు. కార్యాలయమున వేఱొకరు వ్రాయుదురు. జీతము వారమునకు 65 డాలర్లు. 1930 జూన్ 9న, పట్టపగలు, రైలుస్టేషనునకుఁ బోవు సొరంగమార్గమున, జనసమ్మర్దములో వెనుకనుండి తలపైఁ గాల్పఁబడెను. ట్రిబ్యూన్ యాజమాన్యము హంతకునిఁ బట్టియిచ్చినవారికి 25,000 డాలర్లు ప్రకటించి, యతనిని వృత్తిధర్మమునకు బలియైన వీరునిగాఁ గొనియాడెను. పిమ్మట లెక్కలు బయల్పడినవి: ఆదాయము జీతమునకుఁ బెక్కురెట్లు, నడుమున కపోన్ ఇచ్చిన వజ్రాల బిళ్ళ, పోలీసు కమీషనరు విలియం రస్సెల్‌తో నుమ్మడి షేర్ల ఖాతా. రస్సెల్ పదవి విడిచెను. 1931లో లియో బ్రదర్స్ అనువానికిఁ బదునాలుగేండ్ల శిక్ష పడినది. చంపించినవా రెవ్వరో న్యాయస్థానమునఁ దేలలేదు.